మెయిన్ తీశావా?

గాలివాన మనుషుల్ని చంపుతుందని లోకమంతా అంటుంది. నర్సక్క ఒప్పుకోదు. గాలి చంపినవాళ్ళను ఎమర్జెన్సీ వార్డులో ఆమె చూసింది తక్కువే. గాలి ఆగి, ఎండ కాసి, గండం గడిచిందనుకుని చీపురు పట్టుకుని ఇంట్లోకి దూరినవాళ్ళే వరసపెట్టి వస్తారు. ఎగిరిపోయిన రేకు సర్దబోయి కిందపడ్డవాడొకడు, బురదలో చెయ్యి పెట్టి పాముకాటు తిన్న ఇల్లాలొకతె, తలుపులన్నీ మూసిన గదిలో జనరేటర్ పెట్టుకుని పడుకుని మళ్ళీ లేవని కుటుంబమొకటి. తుఫాను వదిలేసినవాళ్ళను చీపురు పట్టుకుపోతుందని ఆమె అంటుంటే తోటి నర్సులు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆమెకు తుఫానంటే భయం, తుఫాను మర్నాడంటే కోపం.

ఆ కోపం ఎవరి మీద చూపించాలా అని వెతుక్కోనక్కర్లేకుండా దేవుడు ఆమెకొక తమ్ముణ్ణి ఇచ్చాడు.

తమ్ముడు వడ్రంగి. పనిలో వంక పెట్టడానికి లేదు. అతను బిగించిన తలుపు మూస్తే చప్పుడు కాదు, తీస్తే కిర్రుమనదు. అయినా వీధిలో అతణ్ణి వడ్రంగి అని ఎవరూ అనరు, ఏంకాదు అంటారు. నిచ్చెన మెట్టు విరిగిందిరా అంటే ఏం కాదులే. పాలు వాసనొస్తున్నాయిరా అంటే ఏం కాదులే. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు అన్నిటికీ ఆ ఒక్క మాటే. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఒకసారి తనే లావాటి తీగ చుట్టి పడేశాడు. అలా చుట్టకూడదని అక్క గొంతు చించుకుంటే, "చుట్టాక మళ్ళీ పోయిందేమో చెప్పు" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. నా కొడుకు నోట అపశకునం మాటే రాదని అమ్మ మురిసిపోయింది. అమ్మ అలా మురిసిపోయినప్పుడల్లా నర్సక్కకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇప్పుడా ఏంకాదు తండ్రయ్యాడు. గాలి ముదురుతుండగానే అతని భార్యకు నొప్పులొచ్చాయి. నర్సక్కే అందరినీ తను పనిచేసే ఆస్పత్రికి తరలించింది. బయట చెట్లు కూలుతుంటే లోపల ఆడపిల్ల పుట్టింది. ఆ వేళకే ఖాళీ ఇంట్లోకి కిటికీల ఎత్తున నీళ్ళు వచ్చాయి. నీళ్ళు దిగిపోయాయని కబురు తెలిసిందో లేదో తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఇవాళ ఇల్లు కడిగేస్తాను. రేపు పిల్లని తీసుకుని ఇంటికెళ్ళిపోదాం."

"ఇల్లు ఆరాలిరా. బూజు పట్టిన పరుపులు పారేయాలి. కరెంటు పనివాడు వచ్చి వైర్లన్నీ చూడాలి. అప్పటిదాకా తల్లీపిల్లా ఇక్కడే ఉంటారు, నేను మాట్లాడేశాను."

"నా కూతురు ముందుగా చూడాల్సింది ఆస్పత్రి గోడలా అక్కా? కడిగేస్తే ఆరిపోతుంది. ఏం కాదులే."

మంచం మీదున్న మరదలు నర్సక్క చెయ్యి పట్టుకుంది. "ఆయన ఆగరు వదినా. మీరూ వెళ్ళండి. ఎలా తీసుకెళ్ళారో అలా నాకు తెచ్చివ్వండి."

"నేనున్నానుగా" అంది నర్సక్క. అనడానికేం, నాలిక్కి నరమా, ఎముకా.

డ్యూటీ దిగి తను వచ్చేదాకా గడప తొక్కొద్దని తమ్ముడికి చెప్పింది, అమ్మకు చెప్పింది, ఇద్దరి చేతా ఊ అనిపించింది. గోడకు చెప్పినా అదైనా నిలబడి వినేది. ఆమె రబ్బరు బూట్లూ చేతితొడుగులూ మాస్కులూ సంచీలో కుక్కుకుని వీధిలోకి వచ్చేసరికి వాళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చేసి పని మొదలుపెట్టేశారు.

వీధి వీధంతా ఇళ్ళను వాంతి చేసుకున్నట్టుంది. ప్రహరీల మీద తడిసిన పరుపులు, రోడ్డు మీద నోళ్ళు తెరిచిన బీరువాలు, అంతటా మురుగు వాసన. పక్కింటి బాబాయి తన గేటు ముందు కుర్చీ వేసుకుని, ఎవరూ అడక్కుండానే సమాచారం పంచుతున్నాడు.

"కరెంటు గురించి బెంగ పెట్టుకోకమ్మా. ఇవాళ రాదు, రేపూ రాదు. స్తంభాలే పడిపోయాయి. లైన్‌మన్ నాతో చెప్పాడు."

"రాదని కదా బాబాయ్, వస్తుందనే నా బెంగ" అంది నర్సక్క. అది ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఆగి అర్థమయ్యేలా చెప్పనూ లేదు.

తమ్ముడు వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని ఇంటి పెద్ద తలుపు అంచుకు చిత్రిక పడుతున్నాడు. ఆ తలుపంటే అతనికి ప్రాణం. పెళ్ళికి ముందు సొంత చేతులతో చేసుకున్న టేకు తలుపది. నీళ్ళు తాగి ఉబ్బి, ద్వారబంధంలో ఇరుక్కుపోయింది. ఇంట్లోకి వెళ్ళడానికి పెరటి దారి ఉంది. అయినా ఆ తలుపు తెరుచుకోకపోతే ఇల్లు ఇల్లు కాదన్నట్టు పట్టుబట్టి కూర్చున్నాడు. బూట్లు లేవు, తొడుగులు లేవు. వరండా ఎత్తుగా ఉండబట్టి కాళ్ళ కింద పొడిగానే ఉంది.

మెయిన్ స్విచ్ ఉన్న పెట్టె అతని తలకు పక్కనే గోడ మీదుంది. దాని సంగతి అడగబోతూ నోరు తెరిచిన నర్సక్కకు ముక్కుపుటాలు మండాయి. పక్కసందులోంచి ఘాటు వస్తోంది. ఆమె పరుగెత్తింది.

అమ్మ బకెట్ ముందు కూర్చుని ఉంది. బకెట్లో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళున్నాయి. చేతిలో బాత్రూము కడిగే యాసిడ్ సీసా ఉంది. అందులోంచి కొంచెం ఒంపింది కూడా. ఇంకొంచెం ఒంపుదామా అని ఆలోచిస్తూ దగ్గుతోంది.

నర్సక్క తల్లి రెక్క పట్టుకుని సందు చివరిదాకా లాక్కెళ్ళింది.

"ఏంటే ఈ దౌర్జన్యం? ఒకదాంతో సగం మురికి పోతుంది, రెండూ కలిపితే మొత్తం పోతుంది. కడుగుతున్నది నీ మేనకోడలి కోసమే కదా."

"రెండూ కలిస్తే వచ్చేది విషం అమ్మా. మురికి పోయే సంగతి దేవుడెరుగు, ముందు నువ్వు పోతావు. ఆ దగ్గేమిటనుకుంటున్నావు?"

"చలిగాలికి వచ్చింది."

"ఎండ మండిపోతుంటే చలిగాలెక్కడిది?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట. నీ నోరుంటే ఊళ్ళు తగలబడతాయి. ఆస్పత్రిలో రోగుల్ని తిట్టీ తిట్టీ నీకిది అలవాటైపోయింది. చూడు తమ్ముణ్ణి, పల్లెత్తు మాటంటాడా?"

నర్సక్కకు ఒళ్ళు మండిపోయింది. పల్లెత్తు మాట అనని కొడుకు బంగారం, ప్రాణం కాపాడే కూతురు గయ్యాళి. చిన్నప్పటినుంచీ ఇదే తంతు. ఘాటు చల్లారేదాకా ఆ బకెట్ వైపు వెళ్ళొద్దని తల్లి దారికి అడ్డంగా నిలబడి, ఆ కోపంలోనే, సందు చివరినుంచి వరండాలోకి వినపడేలా కేకేసింది.

"ఒరేయ్, మెయిన్ తీశావా?"

"తీశానక్కా. ఇదిగో, ఇప్పుడే" అన్న జవాబు వచ్చింది. గొంతులో గెలిచిన సంబరం ఉంది.

ఆ సంబరం విని ఆమె మనసు కొంచెం కుదుటపడింది. జన్మకో శివరాత్రి అన్నట్టు ఇన్నాళ్ళకు చెప్పింది విన్నాడు అనుకుంది. వరండాలోకి వచ్చేటప్పుడు పెట్టె వైపు ఒక చూపు చూసింది. మూత మూసే ఉంది. తడి తగలకుండా మళ్ళీ మూశాడనుకుంది. పెద్ద తలుపు బార్లా తెరుచుకుని ఉంది. తమ్ముడు దాని పక్కన నిలబడి పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

ఇక పని సాగింది. నర్సక్క ఇద్దరికీ బూట్లు తొడిగించింది, తొడుగులు వేయించింది, మాస్కులు కట్టించింది, కిటికీలన్నీ తెరిపించింది. అమ్మ మాస్కును గడ్డం కిందికి లాక్కోవడం, నర్సక్క దాన్ని మళ్ళీ ముక్కు మీదికి ఎత్తడం, మధ్యలో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం. పరుపు పిండుకుని ఎండబెట్టుకోవచ్చని అమ్మ, పారేయాలని నర్సక్క. చివరికి పరుపు వీధిలోకి పోయింది. హాల్లో బురదంతా పారతో తోసి గుమ్మం దాటించారు. గోడ మీద నీళ్ళు నిలిచిన గీత నర్సక్క నడుమును దాటి ఉంది. ఆ గీత కింద తమ్ముడు పాపకోసం చేస్తూ సగంలో వదిలిన ఊయల బద్దలు నీళ్ళకు వంకర్లు తిరిగి పడున్నాయి. అతను వాటిని చూసి ఏమీ అనలేదు. "ఏం కాదులే" అని కూడా అనలేదు. అది చూసి నర్సక్కకు జాలేసింది, ఆ జాలి వేసినందుకు కూడా కోపమొచ్చింది.

వంటగది పల్లంలో ఉంది. అక్కడింకా చీలమండల లోతు నీళ్ళున్నాయి.

"ఫ్రిజ్ జరిపితే దాని వెనక తూము తెరవొచ్చు" అంటూ తమ్ముడు వంటగదిలోకి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు, పట్టు దొరకట్లేదని. బూట్లు ఎప్పుడో విడిచేశాడు, కాళ్ళు చెమట పడుతున్నాయని. ఆ సమయానికి నర్సక్క అమ్మ మాస్కును ముక్కు మీదికి ఎత్తుతోంది.

అప్పుడు వీధంతా ఒక్కసారి గోల చేసింది. ఈలలు, చప్పట్లు. ఎవరో గిన్నె మీద గరిటెతో వాయించారు. "కరెంటొచ్చింది, కరెంటొచ్చింది" అని పక్కింటి బాబాయి అందరికంటే గట్టిగా అరిచాడు, రాదని చెప్పింది తను కానట్టు.

నర్సక్క నవ్వబోయింది కూడా. మన ఇంటికి రాదులే, మెయిన్ తీసేశాడు అనుకుంది. నెత్తి మీద ఏదో గాలి కదిలింది. తలెత్తి చూసింది. ఇల్లు వదిలిన రోజు స్విచ్ కట్టేయకుండా వదిలి వెళ్ళిన ఫ్యాను, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

వంటగదిలోంచి పిలుపు రాలేదు, కేక రాలేదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది. గుమ్మంలోంచి చూస్తే తమ్ముడు ఫ్రిజ్‌ను కావలించుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంది.

"నాయనా" అని అమ్మ ఉరికింది.

నర్సక్క వెనకనుంచి తల్లి నడుము పట్టేసింది. కన్నకొడుకు కళ్ళముందు కొట్టుకుంటుంటే తల్లిని ఆపడమంటే మాటలు కాదు. ఆ ముసలి ఒంట్లో అంత బలముందని నర్సక్కకు తెలియదు. అమ్మ గింజుకుంది, మోచేతులతో పొడిచింది, గోళ్ళతో రక్కింది. "వదలవే రాక్షసీ, వాడు పోతున్నాడే, నువ్వు నర్సువి కాదే, యముడివి" అంది. వదలకపోయేసరికి ముంజేతిని నోటికందుకుని కసుక్కున కొరికింది. పళ్ళు దిగబడ్డాయి. నర్సక్క వదల్లేదు. ఆ నీళ్ళలో అమ్మ అడుగుపెడితే ఫ్రిజ్‌కు ఇద్దరు అతుక్కుంటారు. వాడి కూతురికి తండ్రీ ఉండడు, నాయనమ్మా ఉండదు. తల్లిని ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చి, కేకలు విని పరుగెత్తుకొచ్చిన బాబాయి మీదికి మూటలా తోసింది.

"పట్టుకో బాబాయ్. వదిలావంటే నిన్ను చంపేస్తాను."

స్విచ్ పెట్టె మూత లాగింది. మెయిన్ నిక్షేపంలా వేసే ఉంది. పైన లావాటి తీగ చుట్టిన ఆ ఫ్యూజు కూడా నిక్షేపంలా ఉంది. కాళ్ళకు బూట్లున్నాయి, కింద వరండా పొడిగా ఉంది. తడిసిన తొడుగు విసిరేసి, చిత్రిక పట్టిన చోట పడున్న పొడి టేకుబద్ద అందుకుని, దాంతో స్విచ్‌ను కిందికి కొట్టింది. హాల్లో ఫ్యాను నెమ్మదించింది. ఫ్యాను ఆగిపోతోందని కళ్ళతో చూశాకే లోపలికి పరుగెత్తింది.

తమ్ముణ్ణి పొడిచోటికి లాగి, ఛాతీ మీద చేతులు పెట్టి అదమసాగింది. అదుముతూ తిట్టింది. వెధవా అంది, అబద్ధాలకోరు అంది, తీశానని నా మొహం మీదే చెప్పావు కదరా అంది. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ ఒక్కో అదుముకు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. తిట్టు తిట్టుకూ మధ్య వాడి నోట్లోకి ఊపిరి ఊదింది. ఏ తిట్టుకో తెలియదు, అతను దగ్గి, ఊపిరి పీల్చాడు.

బాబాయి తన వ్యానులో వాళ్ళను ఆస్పత్రికి చేర్చాడు. దారిలో లైన్‌మన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. నర్సక్క ఆయన వైపు ఒక్కసారి చూసింది. ఆయన రోడ్డు వైపు తిరిగి వ్యాను వేగం పెంచాడు.

సాయంత్రానికి తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చోగలిగాడు. రెండు అరచేతులకూ కట్లున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెత వీడికోసమే పుట్టి ఉంటుందనుకుంది నర్సక్క. మరదలు పాపను ఎత్తుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఏడ్చేసి వచ్చినట్టుంది, ఇప్పుడు ఏడవట్లేదు. అమ్మ కాళ్ళవైపు కూర్చుని నేల చూపులు చూస్తోంది. నర్సక్క ఆ గదిలోకి అడుగుపెట్టేముందే మాటలన్నీ నూరుకుని పెట్టుకుంది.

"ఎందుకురా అబద్ధం చెప్పావు?"

"ఏం అబద్ధమక్కా?"

"మెయిన్ తీశావా అనడిగాను. తీశానన్నావు."

"తీశాను కదక్కా." తమ్ముడు నిజంగానే తెల్లబోయాడు. "నువ్వే చూశావుగా. అంచు మొత్తం చిత్రిక పట్టి తీశాను. నువ్వు దాని గురించి అడిగినందుకు ఎంత సంతోషమేసిందో."



వడ్రంగికి మెయిన్ అంటే పెద్ద తలుపే. మెయిన్‌కి టేకు, లోపలివాటికి మామూలు చెక్క అని రోజూ ఇళ్ళవాళ్ళతో అనే మాటే. ఆమె వార్డులో మెయిన్ అంటే స్విచ్. తీయడమంటే ఆమెకు ఆపడం, అతనికి తెరవడం. ఒక ఇంట్లో పుట్టి, ఒక తల్లి పాలు తాగి, ఒకే మాటను చెరొక వైపు పట్టుకుని నిలబడ్డారు. వాడు జన్మలో మొదటిసారి అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పాడు. ఆమె వెళ్ళి కళ్ళతో చూడలేదు.

అంత కోపం తెచ్చుకుని వచ్చిన మనిషికి, దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. తన మీద దించుకుందామంటే తను మోస్తున్నది చాలదా అనిపించింది. వాడి మీద దించుదామంటే వాడు కట్లు కట్టిన చేతులతో పాప తల నిమరబోతున్నాడు.

అప్పుడే వచ్చిన జూనియర్ డాక్టరు ఆమె ముంజేతిని చూసి ఆగాడు. "ఇదేంటి సిస్టర్, కాటులా ఉంది. ఈ వారం అన్నీ కుక్కకాట్లూ పాముకాట్లే. మిమ్మల్నేం కరిచింది?"

"మా అమ్మ" అంది నర్సక్క.

డాక్టరు నవ్వాలో వద్దో తెలియక, ఇంజక్షన్ వేయించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. లేచి వచ్చి, కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తన పళ్ళ వరుసను ఎవరిదో అన్నట్టు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు జారి ఆ గాయం మీదే పడ్డాయి.

"ఏం కాదులే అమ్మా" అన్నాడు తమ్ముడు మంచం మీదనుంచి, అలవాటు కొద్దీ.

అమ్మ గిర్రున తిరిగింది. పల్లెత్తు మాట అనని కొడుకును, నోట అపశకునం మాట రాని కొడుకును, అంతవరకు ఏనాడూ చూడని చూపు చూసింది.

"ఇంకోసారి ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందంటే, నాలిక కోసి కారం పెడతాను. అయ్యింది కదరా. అయ్యేదంతా అయ్యింది. ఇది నన్ను పట్టుకోబట్టి సగంలో ఆగింది."

మరదలు వదిన వైపు చూసి, "ఇంటికి ఎప్పుడెళ్దాం వదినా?" అని అడిగింది.

"నేను చెప్పినప్పుడు" అంది నర్సక్క. ఎవరూ కాదనలేదు.

కరెంటు పనివాడు వచ్చి, పాడైన తీగలు పీకేసి, ఆ లావాటి తీగను నర్సక్క చేతిలో పెట్టి వెళ్ళాక, తల్లీకూతుళ్ళు మళ్ళీ పనికి బయల్దేరారు. అమ్మ ముందు నడిచింది. బూట్లు తనే తొడుక్కుంది, మాస్కు తనే కట్టుకుంది. నర్సక్క గేటు దగ్గర తన బూట్లు వేసుకుంటుంటే అమ్మ వరండా ఎక్కి ఆ పెట్టె ముందు నిలబడింది.

నర్సక్క ఈసారి మాట చూసుకుని అడిగింది. "మెయిన్ స్విచ్ ఆపావా అమ్మా?"

"ఆపాను. కళ్ళతో చూశాను" అంది అమ్మ. మూత మాత్రం మూయలేదు, తెరిచే ఉంచింది. "నా మాట నమ్మకు. నువ్వూ వచ్చి చూడు."

నర్సక్క వెళ్ళి చూసింది. ఆ తర్వాతే చీపురు పట్టుకుంది.